చూసి వెళ్లిపోకుండా కొనేలా: పెద్దల సరుకుల వెబ్‌సైట్ తయారు చేసే పద్ధతి

ఒడిశా సరిహద్దులోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం లాంటి ఊళ్లలో మీకు మందుల షాపో ఫ్యాన్సీ షాపో ఉండి, కండోమ్‌లు, లూబ్రికెంట్ జెల్, ఇన్నర్‌వేర్, కొత్త దంపతులు కొనే నైట్‌వేర్ వెబ్‌సైట్‌లో అమ్మాలనుకుంటే ఇది మీ కోసమే. షాపులో ఈ సరుకు అడగడానికి మనవాళ్లు పడే ఇబ్బంది మీరు రోజూ చూసేదే. మగవాడు కౌంటర్ దగ్గర జనం పలచబడేదాకా ఆగుతాడు. ఆడమనిషి చాలాసార్లు అడగకుండానే తిరిగి వెళ్లిపోతుంది.

అలాంటివాళ్లకు వెబ్‌సైట్ పెద్ద వరం కావాలి. అయినా చాలా సైట్లలో జనం వస్తారు, నాలుగు పేజీలు తిప్పుతారు, డబ్బు కట్టే పేజీ దగ్గర ఆగిపోతారు. సరుకు అక్కర్లేక ఆగిపోవడం లేదు. పార్సిల్ ఎవరి చేతిలో పడుతుందో, మెసేజ్ ఎవరు చదువుతారో, ఫోన్ పిల్లల చేతికి వెళ్తే ఏం కనిపిస్తుందో అన్న టెన్షన్‌తో ఆగిపోతున్నారు. ఆ టెన్షన్‌ను పేజీ పేజీకీ తగ్గించుకుంటూ పోవడమే ఈ రకం సైట్ డిజైన్‌లో అసలు పని. రంగులు, బ్యానర్లు, ఆఫర్లు ఆ తర్వాత చూసుకోవచ్చు.

1. ఏది అమ్మవచ్చో, ఏది కూడదో ముందే రాసిపెట్టుకోండి

డిజైనర్‌తో మాట్లాడక ముందే చేయాల్సిన పని ఇది. మన దేశంలో అశ్లీలమైన బొమ్మలు, వీడియోలు ఇంటర్నెట్‌లో పెట్టడం నేరం. ఐటీ చట్టం 2000లోని 67వ సెక్షన్ కింద మొదటిసారి తప్పుకే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. లైంగిక చర్యను చూపించేవైతే 67ఏ సెక్షన్ కింద ఐదేళ్లు, 10 లక్షలు. కాబట్టి బొమ్మలు, వీడియోలు చూపించి డబ్బు తీసుకునే ఆలోచన ఎవరైనా చెబితే అక్కడితో ఆపేయండి. ఇక్కడ నేను చెప్పేదంతా పెద్దలు చట్టబద్ధంగా కొనుక్కునే సరుకు గురించే.

కండోమ్‌లు వైద్య పరికరాల నియమాల కిందికి వస్తాయి. మీ సరుకులో దేనికి ఏ రిజిస్ట్రేషన్ కావాలో మీ ప్రాంతపు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో కాగితం పెట్టి అడగండి, జవాబు దాచుకోండి. అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనివి. వాటిని సైట్‌లో పెట్టకండి. చర్మాన్ని మొద్దుబార్చే మందు కలిసిన స్ప్రేలు కూడా మందులే, వాటికి మందుల లైసెన్స్ లెక్క వేరు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అని 1954 నుంచి ఒకటి ఉంది. లైంగిక శక్తి పెంచుతుందని, సుఖం పెంచుతుందని ఏ మందునైనా ప్రకటించడాన్ని అది నిషేధించింది. బస్టాండ్ గోడల మీద కనిపించే మాటలను తెచ్చి మీ సైట్‌లో పెడితే చట్టం అడ్డం వస్తుంది. అంతకన్నా ముందు, కాస్త తెలివైన కొనుగోలుదారు ఆ మాటలు చూడగానే ఇది మోసం సైటు అనుకుని పేజీ మూసేస్తాడు.

2. డబ్బు తీసుకునే దారి డిజైన్ కన్నా ముందు

సైట్ అంతా కట్టి, చివర్లో పేమెంట్ గేట్‌వేకి (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని మీకు జమ చేసే కంపెనీకి) అప్లై చేసి, వాళ్లు కాదంటే కూలబడిపోతారు. చాలా గేట్‌వే కంపెనీలు అడల్ట్ సరుకును నిషేధిత జాబితాలో పెట్టుకున్నాయి. కండోమ్‌లు, జెల్ లాంటి ఆరోగ్య సరుకును కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. అందుకే మీరు అమ్మబోయే ప్రతి వస్తువు పేరు రాసి, వాళ్లకు మెయిల్ పంపి, అవునని రాతలో తెప్పించుకోండి. ఫ్యాన్సీ స్టోర్ అని చెప్పి లోపల ఇంకేదో అమ్మితే, తెలిసిన రోజున మీకు రావాల్సిన డబ్బును ఆపేస్తారు. అప్పటికి సరుకు పంపేసి ఉంటారు మీరు.

సరిహద్దులో ఉన్నవాళ్లం కాబట్టి జీఎస్టీ లెక్క కూడా ఇక్కడే తేల్చుకోవాలి. బరంపురం నుంచి ఆంధ్రలోని ఇచ్ఛాపురం పక్క ఊరే. కానీ బిల్లు దృష్టిలో అది వేరే రాష్ట్రం. కండోమ్‌ల మీద జీఎస్టీ లేదు, జెల్ మీద, బట్టల మీద ఉంది. పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే టర్నోవర్ ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మహారాష్ట్ర అంచున సిరొంచ, బల్లార్షా, దెగ్లూరు వైపు ఉండి తెలంగాణకు పంపేవాళ్లకూ ఇదే లెక్క.

3. పేరు పెట్టేటప్పుడు పాస్‌బుక్‌ను గుర్తుంచుకోండి

కస్టమర్ యూపీఐలో డబ్బు కట్టగానే మీ వ్యాపారం పేరు అతని ఫోన్‌లో పేమెంట్ల జాబితాలో నిలిచిపోతుంది. బ్యాంకులో పాస్‌బుక్ ప్రింట్ చేయిస్తే అక్కడా కనిపించవచ్చు. ఇంట్లో పాస్‌బుక్ చూసేది నాన్నో మామగారో అయిన ఇళ్లు మన వైపు తక్కువేం లేవు. అందుకని వ్యాపారం పేరు ఎవరు చదివినా మామూలు షాపు పేరులా ఉండాలి. ఊరి పేరో, అమ్మవారి పేరో, ట్రేడర్స్ అనో స్టోర్స్ అనో చాలు. కొంటె పేర్లు వద్దు. అవి నవ్విస్తాయేమో గానీ డబ్బు కట్టించవు.

పేరు కనిపించే చోట్లన్నీ ఒకసారి చూసుకోండి. బ్రౌజర్ ట్యాబ్ మీద కనిపించే టైటిల్, దాని పక్కన ఉండే చిన్న గుర్తు, లింకును వాట్సాప్‌లో పంపినప్పుడు వచ్చే బొమ్మ, మెయిల్ సబ్జెక్ట్, ఎస్సెమ్మెస్ పంపినవాళ్ల పేరు. ఎస్సెమ్మెస్‌లకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమాల ప్రకారం పంపేవాళ్ల పేరునూ మెసేజ్ నమూనానూ ముందే రిజిస్టర్ చేయించాలి. తర్వాత మార్చాలంటే మళ్లీ అప్రూవల్ కోసం తిరగాలి. కాబట్టి మొదటిసారే "మీ ఆర్డర్ 4127 బయల్దేరింది" అన్నంత మామూలుగా రాయించండి. వస్తువు పేరు ఏ మెసేజ్‌లోనూ ఉండకూడదు.

4. భాష

మన వైపు ఒకే ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఒడియాలో చదువుకుంటారు, ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేస్తారు. సైట్ తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటిలో ఉంటే మంచిది. మహారాష్ట్ర వైపు అయితే ఒడియా స్థానంలో మరాఠీ. భాష మార్చే బటన్ పేజీ పైనే, ఆ భాష అక్షరాల్లోనే ఉండాలి. మూడింటికీ ఒకేసారి డబ్బు లేకపోతే ముందు డెలివరీ పేజీ, సరుకు పేజీ తెలుగు, ఒడియాల్లో చేయించండి. మిగతావి తర్వాత.

ఇంగ్లీషు కోసం చేసిన డిజైన్‌లో తెలుగు పోస్తే వరుసలు ఇరుక్కుపోతాయి, కింది వత్తులు తెగిపోతాయి. వరుసల మధ్య దూరం అక్షరం సైజుకు 1.6 రెట్లయినా ఉంచమని చెప్పండి. నోటో సాన్స్ తెలుగు, దాని ఒడియా ఫాంట్ రెండూ ఉచితం. పేజీ అడ్రసులను మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచండి. తెలుగులో పెడితే కాపీ చేసినప్పుడు శాతం గుర్తులతో ఇంత పొడవు తోక వస్తుంది, చూసినవాళ్లు వైరస్ లింకు అనుకుంటారు.

మాటల్లో మర్యాద ఉండాలి. డాక్టరమ్మ పేషెంటుతో మాట్లాడినట్టు సూటిగా, బిడియం లేకుండా, వెకిలితనం లేకుండా. "కండోమ్" అనే రాయండి, "అది" అని రాయకండి. చాటుమాటుగా రాస్తే చదివేవాడికి తను తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది.

5. మొదటి పేజీ, వయసు ప్రశ్న

పేజీ తెరవగానే "మీకు 18 ఏళ్లు నిండాయా?" అని ఒక ప్రశ్న, రెండు బటన్లు. అంతే. ఆధార్ అడగకండి, పుట్టిన తేదీ అడగకండి. ఒకసారి జవాబు చెప్పాక ప్రతి పేజీలోనూ మళ్లీ అడగకుండా చేయించండి. ఆ ప్రశ్న వెనక కూడా ఎవరినీ ఇబ్బంది పెట్టే బొమ్మ ఉండకూడదు.

ప్రతి పేజీలో పైమూలన "వెంటనే మూసేయండి" అని ఒక బటన్ పెట్టండి. నొక్కగానే వాతావరణం పేజీయో వార్తల పేజీయో తెరుచుకోవాలి. వెనక్కి నొక్కితే అదే పేజీ మళ్లీ రాకుండా ఆ బటన్‌ను రాయవచ్చు. కానీ అంతకు ముందు చూసిన పేజీలు బ్రౌజర్ హిస్టరీలో ఉండిపోతాయి. ఆ సంగతి బటన్ పక్కనే ఒక వాక్యంలో చెప్పి, హిస్టరీ ఎలా తుడవాలో చూపించండి. గంజాం జిల్లా నుంచి ఎంతమంది మగవాళ్లు సూరత్ పవర్‌లూమ్‌లలో పని చేస్తున్నారో మీకు తెలుసు. ఇక్కడ అత్తమామల ఇంట్లో ఉన్న భార్య చేతిలోని ఫోన్‌ను ఇల్లంతా వాడుతుంది. ఆమె మీ కస్టమర్. ఆమెను మనసులో పెట్టుకుని ప్రతి పేజీనీ పరీక్షించండి.

మొదటి పేజీలో బొమ్మ ఏదైనా పెట్టాలంటే ప్యాక్ చేసిన పార్సిల్ ఫోటో పెట్టండి. మామూలు గోధుమ రంగు అట్టపెట్టె, దాని మీద అతికించిన లేబుల్ చదవగలిగేంత దగ్గరగా. కింద ఒకే వాక్యం: "మీ ఇంటికి వచ్చేది ఇలాగే ఉంటుంది." అందమైన మోడల్ ఫోటో కన్నా ఆ పెట్టె ఎక్కువ ఆర్డర్లు తెస్తుందని నా గట్టి నమ్మకం.

కొండల వైపు, మల్కన్‌గిరి, కోరాపుట్ లోపలి ఊళ్లలో సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది. పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ పెట్టిన కొలత ఒకటి ఉంది. తిరిగే బ్యానర్లు, ఆటోమేటిక్‌గా మొదలయ్యే వీడియోలు తీసేసి, ఫోటోలను సైజు తగ్గించే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మారిస్తే ఆ దగ్గరికి రావచ్చు.

6. సరుకు పేజీ: షాపులో అడగలేని ప్రశ్నలకు జవాబు

ఇక్కడ తొందరపడకండి. షాపులో కస్టమర్ నోరు తెరిచి అడగలేని ప్రతి ప్రశ్నకూ ఈ పేజీ జవాబు చెప్పాలి. పెద్ద కంపెనీల సైట్లలో డబ్బా మీద ఉన్న నాలుగు ముక్కలే ఉంటాయి. మీరు వాళ్లను గెలవగలిగేది ఇక్కడే.

కండోమ్ పేజీ తీసుకోండి. వెడల్పు మిల్లీమీటర్లలో రాయండి. ఎక్కువ బ్రాండ్లు 52, 53 దగ్గర ఉంటాయి. బిగుతుగా ఉందనో జారిపోతోందనో ఇబ్బంది పడేవాళ్లకు ఈ అంకె ఎంతో ఉపయోగం. లేటెక్స్ (కండోమ్ తయారీలో వాడే సహజ రబ్బరు) పడనివాళ్లు ఉంటారు, దురద, మంట వస్తాయి. వాళ్లకు పాలీఐసోప్రీన్ (కృత్రిమ రబ్బరు) రకం ఉందని చెప్పండి. గడువు తేదీ కనిపించేలా ప్యాకెట్ వెనక వైపు ఫోటో పెట్టండి. ఎండలో, బండి డిక్కీలో, పర్సులో నెలల తరబడి దాచకూడదని రాయండి. మన ఎండలకు అది చాలా అవసరమైన మాట.

జెల్ పేజీలో మొదటి వాక్యమే ఇది కావాలి: కొబ్బరినూనె, వాజెలిన్, బేబీ ఆయిల్ లేటెక్స్ కండోమ్‌తో వాడకూడదు, రబ్బరు బలహీనపడి చిరిగిపోతుంది. కొబ్బరినూనె లేని ఇల్లు మన తీరంలో ఎక్కడుంది? ఈ ఒక్క వాక్యం చదివి జెల్ కొనేవాళ్లు ఉంటారు, చదివి ఒక ప్రమాదం తప్పించుకునేవాళ్లూ ఉంటారు. నీటితో చేసిన జెల్ లేటెక్స్‌తో పనికొస్తుంది, కడిగితే పోతుంది. సిలికాన్ రకం ఎక్కువసేపు ఉంటుంది, అదీ లేటెక్స్‌కు హాని చేయదు. కాన్పు తర్వాతా, నెలసరి ఆగిపోయాకా పొడిదనం వస్తుందని, అది మామూలేనని రెండు వాక్యాలు రాయండి. ఆ వయసు ఆడవాళ్లు ఎవరినీ అడగలేక బాధ ఓర్చుకుంటూ ఉంటారు. నొప్పి, రక్తం కనిపిస్తే డాక్టరును చూడమని కూడా రాయండి.

ఇన్నర్‌వేర్‌కి సైజు చార్టు సెంటీమీటర్లలో. టేప్ ఎక్కడ పెట్టి కొలవాలో గీతల బొమ్మతో చూపించండి. బట్టను పరిచి తీసిన ఫోటో చాలు. మోడల్స్ ఫోటోలు పెట్టాలనుకుంటే, స్త్రీలను అసభ్యంగా చూపించడాన్ని నిషేధించే 1986 నాటి చట్టం ఉందని గుర్తుంచుకోండి. కంపెనీ పంపిన ఫోటో కదా అంటే కుదరదు, సైట్ మీది.

పేజీ అడుగున ఇంకో రెండు మాటలు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఆశా కార్యకర్తల దగ్గర కండోమ్‌లు దొరుకుతాయని, హెచ్‌ఐవీ గురించి సందేహాలుంటే 1097కి ఉచితంగా ఫోన్ చేయవచ్చని రాయండి. మన అమ్మకం పోతుందేమో అనుకోవద్దు. ఉచితంగా దొరికేదాన్ని దాచకుండా చెప్పే షాపు మాట మీద నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకం మీదే వాళ్లు జెల్, ఇన్నర్‌వేర్ మీ దగ్గర కొంటారు.

రివ్యూలు పెడితే పేర్లు వద్దు, ఊరి పేరు కూడా వద్దు. గుణుపూర్ అంత ఊళ్లో ఊరి పేరు, మొదటి అక్షరం చాలు, ఎవరో పట్టేస్తారు. "కొన్నవారు" అంటే సరిపోతుంది. సొంతంగా రాయించిన రివ్యూలు అసలే వద్దు.

7. పార్సిల్

కస్టమర్ మనసులో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే, కాబట్టి దీనికి విడిగా ఒక పేజీ ఉండాలి. ఆ పేజీ లింకు ప్రతి సరుకు పక్కనా, కార్ట్‌లోనూ, డబ్బు కట్టే బటన్ పైనా కనిపించాలి.

రాయాల్సినవి ఇవి. పెట్టె మీద పంపినవాళ్ల పేరు ఏముంటుంది. సరుకు వివరం దగ్గర ఏం రాస్తారు. చాలా కొరియర్ లేబుళ్ల మీద సరుకు పేరు దానంతటదే అచ్చవుతుంది. ఆర్డర్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని "పర్సనల్ కేర్" అని మార్పించండి. అది అబద్ధం కాదు, ఎవరికీ అనుమానమూ రాదు. బిల్లు పెట్టె బయట ప్లాస్టిక్ కవర్లో అతికించకుండా లోపల పెట్టండి. పెట్టె ఊపితే చప్పుడు రాకుండా కాగితం కుక్కండి. ఇలాంటి చిన్న చిన్నవి కూడా పేజీలో రాయండి, ఎందుకంటే వాళ్లు సరిగ్గా ఇవే ఆలోచిస్తున్నారు.

తర్వాత, పార్సిల్ ఎక్కడ తీసుకోవాలన్నది. ఇంటికే రావాలని ఎందుకు అనుకోవాలి? మూడు దారులు ఇవ్వండి. ఇంటికి డెలివరీ ఒకటి. కొరియర్ ఆఫీసుకో పోస్టాఫీసుకో వెళ్లి తీసుకోవడం రెండోది. లోపలి ఊళ్లకు ప్రైవేటు కొరియర్లు కొన్ని పిన్‌కోడ్‌లకు వెళ్లవు, అక్కడికి స్పీడ్ పోస్టే దిక్కు, కాబట్టి పోస్టాఫీసు వాళ్లతో ముందే మాట్లాడిపెట్టుకోండి. పేజీలోనే పిన్‌కోడ్ కొట్టి చూసుకునే గడి ఉండాలి. 765001 కొడితే రాయగడకు ఏ దారులున్నాయో, ఎన్ని రోజులు పడుతుందో రావాలి.

మూడోది మీ షాపులోనే తీసుకోవడం. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేసి, షాపుకు వచ్చి, ఆర్డర్ నంబరు చూపిస్తే ముందే ప్యాక్ చేసిన కవరు చేతికిస్తారు. నోటితో ఏమీ అడగక్కర్లేదు. షాపు కుర్రాడికి కూడా లోపల ఏముందో తెలియకుండా వెనక గదిలోనే ప్యాక్ చేయించండి. ఊళ్లో ఉన్న షాపుకి మాత్రమే ఉన్న బలం ఇది, పెద్ద యాప్‌లకు లేదు. నన్నడిగితే బరంపురం లాంటి ఊళ్లో మొదట ఈ ఒక్క దారితో మొదలుపెట్టినా చాలు.

క్యాష్ ఆన్ డెలివరీ విషయంలో నా అభిప్రాయం కాస్త వేరు. మనవాళ్లు మొదటిసారి కొనే సైట్‌లో ముందే డబ్బు కట్టడానికి జంకుతారు, నిజమే. కానీ ఈ సరుకులో డెలివరీ అబ్బాయి గుమ్మంలో నిలబడి "ఇంత ఇవ్వాలి" అంటే, ఏం వచ్చిందని ఇంట్లో అందరూ అడుగుతారు. కస్టమర్ భయపడి వద్దంటాడు, పార్సిల్ వెనక్కి వస్తుంది, రానుపోను ఖర్చు మీ నెత్తిన పడుతుంది. ఇదే మాట సైట్‌లో చెప్పండి: "ముందే కడితే గుమ్మం దగ్గర డబ్బు మాట రాదు." క్యాష్ ఉంచాలనుకుంటే చిన్న మొత్తాలకే ఉంచి, ఓటీపీతో ఖాయం చేసుకోండి.

8. డబ్బు కట్టే పేజీ

అకౌంట్ తెరవమని బలవంతం చేయకండి. ఫోన్ నంబరు, పేరు, చిరునామా, పిన్‌కోడ్ చాలు. షాపులో తీసుకునేవాళ్లకు చిరునామా కూడా అక్కర్లేదు. పేరు దగ్గర "పార్సిల్ తీసుకునేవారి పేరు" అని రాయండి, అప్పుడు అన్నయ్య పేరో స్నేహితుడి పేరో ఇచ్చుకోవచ్చన్న ధైర్యం వస్తుంది. పుట్టినరోజు, పెళ్లయిందా, ఆడా మగా లాంటి ప్రశ్నలు తీసేయండి. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, అడిగిన ప్రతి వివరానికీ మీరే బాధ్యులు. అడగని వివరం లీకయ్యే ప్రమాదమే లేదు.

బటన్ పైన మూడు చిన్న వరుసలు: మీ పేమెంట్‌లో కనిపించే పేరు ఇది, పెట్టె మీద పేరు ఇది, మీకు వచ్చే మెసేజ్ ఇది. అక్షరాలా రాసి చూపించండి. యూపీఐ ముందు, కార్డులు తర్వాత. పేమెంట్ ఫెయిలైతే కార్ట్ ఖాళీ అయిపోకూడదు. "డబ్బు కట్ అయితే మీ బ్యాంకు నుంచి తిరిగి వస్తుంది, ఈ నంబరుకు మెసేజ్ పెట్టండి" అని తెలుగులో కనిపించాలి. మనవాళ్లు చాలామంది అక్కడే కంగారుపడి మళ్లీ రారు.

ధర విషయంలో మోసం వద్దు. చివర్లో డెలివరీ చార్జీ, ప్యాకింగ్ చార్జీ కలపడం, కార్ట్‌లో అడగని వస్తువు వేయడం, "ఇంకా 2 మాత్రమే ఉన్నాయి" అని అబద్ధం చెప్పడం, వద్దనే బటన్ మీద అవమానించే మాట రాయడం, ఇవన్నీ 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో (కొనేవాళ్లను మాయ చేసే డిజైన్ పద్ధతుల్లో) ఉన్నాయి. ముందే టిక్ పెట్టి ఉన్న గడులను 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ఒప్పుకోవు. ఆ నియమాల ప్రకారమే ఫిర్యాదులు చూసే వ్యక్తి పేరు, నంబరు సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ప్యాక్ చేసిన సరుకుకు ఎంఆర్‌పీ, పరిమాణం, తయారీదారు, తయారైన దేశం పేజీలోనే చూపించాలి.

తెరిచిన కండోమ్ ప్యాకెట్, జెల్ వెనక్కి తీసుకోలేమని చెప్పవచ్చు. కానీ పాడైనదో తప్పు వస్తువో వస్తే మార్చి ఇవ్వాల్సిందే. దానికి ఫోటో పంపితే చాలని రాయండి. వెనక్కి పంపమని బలవంతపెడితే వాళ్లు మళ్లీ కొరియర్ ఆఫీసులో నిలబడాలి.

9. ప్రకటనలు

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల్లో గర్భనిరోధక సరుకుకు 18 దాటినవాళ్లనే ఎంచుకోవాలి, సుఖం గురించిన మాటలు ఒప్పుకోరు. వాట్సాప్ కేటలాగ్‌లో అడల్ట్ సరుకు పెట్టనివ్వరు. నియమాలు మారుతూ ఉంటాయి, డబ్బు పెట్టే రోజున మళ్లీ చదవండి.

ఎవరు ఏ పేజీ చూశారో కనిపెట్టడానికి ప్రకటనల కంపెనీలు ఇచ్చే పిక్సెల్ కోడ్‌ను సరుకు పేజీల్లో పెట్టకండి. ఒకసారి జెల్ పేజీ చూసిన ఫోన్‌లో, రాత్రి పిల్లవాడు వీడియో చూస్తుంటే అదే జెల్ ప్రకటన కనిపించిందనుకోండి, ఆ ఇల్లు మీకు శాశ్వతంగా పోయినట్టే. కార్ట్‌లో వదిలేసినవాళ్లకు గుర్తుచేస్తూ మెసేజ్‌లు పంపడం కూడా ఈ వ్యాపారంలో వద్దు. మామూలు బట్టల షాపుకు పనికొచ్చే చిట్కాలు చాలావరకు ఇక్కడ ఎదురు తిరుగుతాయి.

దానికి బదులు గూగుల్‌లో వెతికేవాళ్లకు దొరకండి. "కొబ్బరినూనె కండోమ్‌తో వాడొచ్చా" లాంటి ప్రశ్నకు తెలుగులో, ఒడియాలో మంచి జవాబు రాసిన పేజీ పెడితే వాళ్లే వస్తారు. షాపు కవర్ల మీద చిన్న క్యూఆర్ కోడ్, దాని కింద సైట్ పేరు మాత్రమే.

10. ఎక్కడ ఆగిపోతున్నారో చూడండి

సైట్ నడిచాక ప్రతి వారం ఐదు అంకెలు రాసుకోండి: వచ్చినవాళ్లు, సరుకు పేజీ చూసినవాళ్లు, కార్ట్‌లో వేసినవాళ్లు, చిరునామా ఇచ్చినవాళ్లు, డబ్బు కట్టినవాళ్లు. ఉదాహరణకు 1000 మంది వచ్చి 300 మంది సరుకు చూసి 60 మంది కార్ట్‌లో వేసి 40 మంది చిరునామా ఇచ్చి 12 మంది కట్టారనుకుందాం. 300 నుంచి 60కి తగ్గడం మామూలే. 40 నుంచి 12కి పడిపోతే తేడా ఉంది. అక్కడ ధర తగ్గించి లాభం లేదు, చిరునామా కూడా ఇచ్చినవాడు ధరకు ఒప్పుకున్నట్టే. పేమెంట్ ఫెయిలవుతోందా, కనిపించే పేరు అనుమానంగా ఉందా, చివర్లో చార్జీ పెరిగిందా చూడండి. 60 నుంచి 40 మధ్య ఎక్కువ పోతుంటే పార్సిల్ పేజీ లింకు కనిపించడం లేదని అర్థం. 300 మందిలో కార్ట్ దాకా చాలా కొద్దిమందే వస్తుంటే సరుకు పేజీలో జవాబులు చాలడం లేదు.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఠాకురాణి యాత్ర, రజ సంక్రాంతి, దసరా లాంటి పండుగలకు బయట పనిచేసేవాళ్లు ఇళ్లకు వస్తారు, ఆ వారాల్లో అమ్మకం తీరే వేరు. ఆ అంకెలను మామూలు వారాలతో పోల్చకండి. పండుగకు పది రోజుల ముందే షాపులో తీసుకునే కవర్లు సిద్ధంగా ఉంచుకోండి, పార్సిల్ పేజీలో ఆ వారం డెలివరీ ఎన్ని రోజులు ఆలస్యమవుతుందో రాయండి. మనుషులను ఉపయోగించే పరీక్ష కూడా ఒకటి ఉంది, ఖర్చు లేనిది. సైట్ ఎప్పుడూ చూడని బంధువుల్లో ఒక పెద్దావిడకు, ఒక కుర్రాడికి ఫోన్ ఇచ్చి, ఒక జెల్ ఆర్డర్ చేయమని చెప్పి మీరు పక్క గదిలోకి వెళ్లిపోండి. మీరు పక్కనే ఉంటే వాళ్లు సిగ్గుతో నిజం చెప్పరు. తర్వాత ఎక్కడ ఆగారో, ఏ మాట అర్థం కాలేదో, ఎక్కడ భయమేసిందో కాగితం మీద రాసివ్వమనండి.